డేటాషీటు (ఎలక్ట్రానిక్స్)

డేటాషీటు అనగా ఒక ఎలక్ట్రానిక్ విడిభాగం ఏ పని చేస్తుంది, ఎంత వోల్టేజిని, ఎంత కరెంటును, ఎంత వేడిని తట్టుకొనగలదు, దాని కాళ్ళలో ఏది దేనికి ఉద్దేశించినది అనే వివరాలను తయారీదారు స్వయంగా ప్రకటించే పత్రం. డయోడు, ట్రాన్సిస్టరు, ఐసీ, కెపాసిటరు, రిలే మొదలైన విడిభాగాలన్నింటికీ ఇటువంటి పత్రాలు ఉంటాయి. విడిభాగం మీద ముద్రించిన అక్షరాలు, అంకెలు దాని పేరును మాత్రమే తెలుపుతాయి. దానిని ఎలా వాడవలెనో తెలిపేది డేటాషీటే. వాక్యూమ్ ట్యూబుల కాలంలో ఒకటి రెండు పుటలుగా ఉన్న ఈ పత్రం నేడు కొన్ని విడిభాగాల విషయంలో వందల పుటల గ్రంథంగా ఎదిగినది.

డేటాషీటులో ఉండే వివరాలు

సాధారణంగా మొదటి పుటలో విడిభాగం యొక్క సంక్షిప్త పరిచయం, ముఖ్య లక్షణాలు, ఉపయోగాలు ఉంటాయి. ఆ తరువాత కాళ్ళ అమరిక, పట్టికలు, గ్రాఫులు, నమూనా సర్క్యూట్లు, చివరగా కొలతలతో కూడిన బొమ్మలు వస్తాయి. వీటిలో విద్యార్థులు తరచుగా పొరబడేవి మూడు.

గరిష్ఠ పరిమితులు: ఏ పరిస్థితిలోనూ దాటరాని హద్దులను ఒక పట్టికలోను, విడిభాగం సరిగా పనిచేయుటకు సిఫారసు చేసిన విలువలను మరొక పట్టికలోను ఇస్తారు. ఉదాహరణకు 7400 ఐసీకి సరఫరా వోల్టేజి హద్దు 7 వోల్టులు. కాని అది సక్రమంగా పనిచేయునని తయారీదారు హామీ ఇచ్చేది 4.75 నుండి 5.25 వోల్టుల మధ్య మాత్రమే. 6 వోల్టులు ఇచ్చినంత మాత్రాన ఐసీ కాలిపోకపోవచ్చును, కాని దాని పనితీరుకు ఎవరి పూచీ ఉండదు.

కనిష్ఠ, సాధారణ, గరిష్ఠ విలువలు: కనిష్ఠ, గరిష్ఠ విలువలు తయారీదారు ఇచ్చే హామీలు. "సాధారణ" విలువ హామీ కాదు, అది ఒక సూచన మాత్రమే. బీసీ547 ట్రాన్సిస్టరు యొక్క కరెంటు గెయిన్ 110 నుండి 800 వరకు ఎంతైనా ఉండవచ్చును. అందుచేతనే వాటిని ఏ రకం (110-220), బీ రకం (200-450), సీ రకం (420-800) అని వేరు చేసి అమ్ముతారు. గెయిన్ ఒకే విలువగా ఉంటుందని నమ్మి గీసిన సర్క్యూటు ఒక ట్రాన్సిస్టరుతో పనిచేసి, అదే సంఖ్య గల మరొక దానితో పనిచేయకపోవచ్చును.

కాళ్ళ అమరిక: ఒకే ఆకారంలో ఉన్న విడిభాగాలకు ఒకే అమరిక ఉండాలనే నియమం లేదు. చదునైన ముఖం మనవైపు, కాళ్ళు క్రిందికి ఉండేట్లు పట్టుకొన్నపుడు బీసీ547 లో ఎడమ నుండి వరుసగా కలెక్టరు, బేసు, ఎమిటరు వస్తాయి. చూచుటకు అచ్చం అలాగే ఉండే 2ఎన్3904 లో ఈ వరుస తలక్రిందులు. అలాగే 7805 రెగ్యులేటరులో మొదటి కాలు ఇన్‌పుట్, రెండవది గ్రౌండు. 7905 లో మొదటిది గ్రౌండు, రెండవది ఇన్‌పుట్.

చరిత్ర

వాక్యూమ్ ట్యూబుల కాలం

రేడియో పరిశ్రమ విస్తరించిన కాలంలో ట్యూబుల వివరాలకు పుస్తకాల అవసరం ఏర్పడినది. అమెరికాకు చెందిన ఆర్‌సీఏ సంస్థ 1930ల దశకం నుండి 1970ల దశకం వరకు రేడియో ట్యూబుల మాన్యువల్‌ను పలు ముద్రణలుగా వెలువరించినది. ఇందులో ట్యూబుల వివరాలతో పాటు అవి పనిచేసే తీరు, నమూనా సర్క్యూట్లు కూడా ఉండుటచే రేడియో మరమ్మతు నేర్చుకొనువారికి ఇది పాఠ్యపుస్తకం వలె ఉపయోగపడినది. ఇంజనీర్ల కోసం విడి పుటల సంపుటాలు ఉండేవి. కొత్త పుటలు వచ్చినపుడు పాతవాటిని తీసి వీటిని చేర్చుకొనేవారు.

ట్యూబుల కాలంలో పరిమితులను చెప్పే పద్ధతులు ఒకటి కంటే ఎక్కువ ఉండేవి. ఒక పద్ధతిలో సరఫరా వోల్టేజిలో వచ్చే మామూలు హెచ్చుతగ్గులను తయారీదారే లెక్కలోనికి తీసుకొని, కొంత వెసులుబాటు ఉంచి విలువను ప్రకటించేవాడు. మరొక పద్ధతిలో ప్రకటించిన విలువయే చివరి హద్దు, హెచ్చుతగ్గులను లెక్కించు బాధ్యత పరికరాన్ని రూపొందించు వానిది. సెమీకండక్టర్లకు ఈ రెండవ పద్ధతియే స్థిరపడినది. ఈనాటి డేటాషీటులోని గరిష్ఠ పరిమితులలో వాడుకరి కోసం దాచిన వెసులుబాటు ఉంటుందని భావించరాదు.

సంఖ్యల నమోదు

1947 లో బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరును కనుగొన్న తరువాత ఎన్నో సంస్థలు వాటిని తయారు చేయసాగినవి. ఒకే రకమైన విడిభాగానికి ఒక్కొక్కరు ఒక్కొక్క పేరు పెట్టకుండా నమోదు పద్ధతులు ఏర్పడినవి. అమెరికాలో 1944 లో ఏర్పడిన సంఘం 1958 లో జెడెక్ అయినది. దాని పద్ధతిలో డయోడ్లకు 1ఎన్, ట్రాన్సిస్టర్లకు 2ఎన్ అనే గుర్తులు వస్తాయి. ఐరోపాలో 1966 లో ప్రో ఎలక్ట్రాన్ ఏర్పడినది. ఈ పద్ధతిలో మొదటి అక్షరం పదార్థాన్ని (ఏ అనగా జెర్మేనియం, బీ అనగా సిలికాన్), రెండవ అక్షరం ఉపయోగాన్ని తెలుపుతుంది. జపాను ట్రాన్సిస్టర్ల సంఖ్యలు 2ఎస్ తో మొదలవుతాయి. అయితే విడిభాగం మీద ఆ రెండు గుర్తులను తరచుగా ముద్రించరు. సీ945 అని కనిపించే దాని పూర్తి పేరు 2ఎస్‌సీ945.

ఒకే సంఖ్య ఉన్నంత మాత్రాన అన్ని విధాల ఒకే వస్తువు కానవసరం లేదు. ఆర్‌సీఏ రూపొందించిన 2ఎన్3055 పవర్ ట్రాన్సిస్టరు తయారీ పద్ధతి 1970ల దశకంలో మారినది. కొత్తది మునుపటి కంటె ఎక్కువ ఫ్రీక్వెన్సీల వద్ద పనిచేయగలిగినది, కాని పేరు మారలేదు. కనుక పాత పరికరాలను బాగుచేయువారు సంఖ్యతో పాటు తయారీదారును, కాలాన్ని కూడా చూడవలసి ఉంటుంది.

డేటా పుస్తకాల కాలం

1960ల నుండి ఐసీల సంఖ్య వేగంగా పెరిగినది. ప్రతి సంస్థ తన ఉత్పత్తుల డేటాషీట్లను కుట్టి లావుపాటి పుస్తకాలుగా ప్రచురించేది. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి టీటీఎల్ డేటా పుస్తకం, నేషనల్ సెమీకండక్టర్ వారి లీనియర్ డేటా పుస్తకం వీటిలో ప్రసిద్ధమైనవి. ఈ పుస్తకాలను తయారీదారుల ప్రతినిధులు ఇంజనీర్లకు ఇచ్చేవారు. ఏ ఇంజనీరు బల్ల మీద ఏ సంస్థ పుస్తకం ఉంటే ఆ సంస్థ ఐసీయే సర్క్యూటులోనికి చేరుటకు అవకాశం ఎక్కువ. ఆ విధంగా డేటాషీటు ప్రకటన పత్రం కూడా అయినది.

డేటాషీటుకు తోడుగా, విడిభాగాన్ని వాడే మెళకువలను వివరించే అప్లికేషన్ నోట్లు కూడా ఈ కాలంలోనే పేరు పొందినవి. నేషనల్ సెమీకండక్టర్‌లో బాబ్ విడ్లార్, లీనియర్ టెక్నాలజీలో జిమ్ విలియమ్స్ వ్రాసినవి ఈనాటికీ చదువబడుతున్నవి. 1970ల దశకంలో సిగ్నెటిక్స్ సంస్థలో "వ్రాయుటకే తప్ప చదువుటకు వీలులేని మెమరీ" అనే లేని ఐసీకి ఒక హాస్య డేటాషీటు కూడా వెలువడినది.

సీడీలు, పీడీఎఫ్

1990ల దశకంలో డేటా పుస్తకాలు సీడీలలోనికి మారినవి. 1993 లో అడోబి సంస్థ పీడీఎఫ్‌ను విడుదల చేసినది. పట్టికలు, గ్రాఫులు అచ్చు పుటలో ఉన్నట్లే తెరపై కనిపించుటచే డేటాషీట్లకు ఇదియే ప్రామాణిక రూపం అయినది. అంతర్జాలంలో తయారీదారులు వీటిని ఉచితంగా ఉంచుటతో పుస్తకాలు క్రమంగా ఆగిపోయినవి. ముద్రణ ఖర్చు లేకపోవుటచే పుటల సంఖ్య పెరిగినది. పత్రాన్ని ఎప్పుడైనా సవరించే వీలు కలుగుటచే ఏ తేదీన ఏమి మార్చారో తెలిపే సవరణల పట్టిక ముఖ్యమైనది. 2006 జూలై 1 నుండి ఐరోపా సమాఖ్యలో సీసం వాడకంపై ఆంక్షలు అమలులోనికి వచ్చిన తరువాత, సీసం లేని టంకానికి తగిన ఉష్ణోగ్రతల వివరాలు కూడా డేటాషీట్లలో సాధారణమైనవి.

నేడు కాగితపు వివరాలతో పాటు కంప్యూటరు చదువగల నమూనాలు కూడా లభిస్తాయి. 1973 లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో వెలువడిన స్పైస్ ప్రోగ్రాము కొరకు తయారీదారులు ట్రాన్సిస్టర్ల, ఐసీల నమూనాలను ఇస్తారు. దీనివలన సర్క్యూటును నిర్మించక ముందే పరీక్షించవచ్చును.

పత్రాల విభజన, దోషాల జాబితాలు

మైక్రోకంట్రోలర్ల విషయంలో ఒక్క పత్రం చాలదు. ఉదాహరణకు ఎస్‌టీఎం32ఎఫ్103 కు వోల్టేజి, కాళ్ళ వివరాలు డేటాషీటులో ఉండగా, రిజిస్టర్ల వివరణ వెయ్యి పుటలకు పైబడిన వేరొక మాన్యువల్‌లో ఉంటుంది. తయారైన చిప్పులో బయటపడిన లోపాలను మరొక జాబితాలో ప్రకటిస్తారు. దీనిని ఎర్రాటా అంటారు. 1994 లో ఇంటెల్ పెంటియం ప్రాసెసరు భాగహారంలో తప్పు చేస్తున్నదని గణితాచార్యుడు థామస్ నైస్లీ వెల్లడించిన ఉదంతం, ఇటువంటి లోపాలను బహిరంగపరచవలసిన అవసరాన్ని లోకానికి తెలిపినది. చిప్పు మార్పిడి నిమిత్తం ఇంటెల్ 47.5 కోట్ల డాలర్లను ఖర్చుగా చూపవలసి వచ్చినది.

భారతదేశంలో

1954 లో బెంగుళూరులో స్థాపించిన భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ 1960ల దశకంలో ట్రాన్సిస్టర్లను తయారు చేసినది. భారతీయ కళాశాలల ప్రయోగశాలలలో ఎస్‌ఎల్100, ఎస్‌కే100 ట్రాన్సిస్టర్లు చిరకాలంగా సుపరిచితం. ఈ సంఖ్యలు అమెరికా, ఐరోపా నమోదు పద్ధతులకు చెందినవి కానందున, ఆ పద్ధతుల ప్రకారం కూర్చిన పట్టికలను బట్టి వీటి లక్షణాలను ఊహించుటకు వీలులేదు.

నేటి సమస్యలు

సంస్థలు విలీనమైనపుడు పాత డేటాషీట్లు కనుమరుగగు ప్రమాదం కలదు. నేషనల్ సెమీకండక్టర్ 2011 లో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లోను, ఫెయిర్‌చైల్డ్ 2016 లో ఆన్ సెమీకండక్టర్‌లోను కలిసిపోయినవి. ఉత్పత్తి ఆగిన విడిభాగం పత్రం దొరకనిచో దానితో నిర్మించిన వైద్య, పారిశ్రామిక పరికరాలను బాగుచేయుట కష్టమగును. స్వచ్ఛందంగా పాత పుస్తకాలను స్కాన్ చేసి భద్రపరచువారి కృషి ఇందుకే విలువైనది.

మరొక సమస్య గోప్యత. కొన్ని చిప్పుల పూర్తి వివరాలను తయారీదారులు రహస్య ఒప్పందం చేసుకొన్న వారికే ఇస్తారు. అటువంటి చిప్పులకు విద్యార్థులు గాని, స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు రచయితలు గాని ప్రోగ్రాములు వ్రాయుట దుర్లభం. దీనికి భిన్నంగా రాస్ప్‌బెరీ పై వారు 2021 లో విడుదల చేసిన ఆర్‌పీ2040 చిప్పుకు ఆరు వందల పుటలకు మించిన సమగ్ర డేటాషీటును అందరికీ అందుబాటులో ఉంచారు.

ఇవి కూడా చూడండి

ట్రాన్సిస్టరు
వాక్యూమ్ ట్యూబు
ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్
మైక్రోకంట్రోలరు