రాజధానికి వచ్చు పంచాయతీ సభ్యులకు భోజన వసతులు

కార్యార్థులై హైదరాబాదునకు వచ్చు పంచాయతీ సభ్యులలో పెక్కురు తెల్లవారుజామున బస్సు దిగి, కార్యాలయము తెరచు వరకు ఏమియు తినక, మధ్యాహ్నము ఎదుట కనబడిన హోటలులో ప్రవేశించి, రెండింతల సొమ్ము చెల్లించి, సాయంకాలమునకు కడుపునొప్పితో తిరుగు బస్సు నెక్కుదురు. నగరమున అన్నము దొరకక కాదు. ఏ వేళ ఎచట ఏమి దొరకునో తెలియకపోవుటయే దీనికి కారణము.

1591లో చార్మినారు నిర్మాణమైన నాటి నుండి ఈ నగరమునకు నలుదెసల నుండి జనులు వచ్చి స్థిరపడిరి. వచ్చినవారు తమ వంటను కూడ వెంట తెచ్చిరి. నిజాము సైన్యములో చేరుటకై యెమెను దేశము నుండి వచ్చిన అరబ్బుల సంతతివారు నేటికిని బార్కస్ పేటలో నివసించుచున్నారు. బ్యారక్కులనుమాటయే మారి ఆ పేటకు పేరైనది. గోధుమలను, మాంసమును గంటల కొలది ఉడికించి మెదిపిన హరీసు అచట ఉదయముననే లభించును. దానికి పప్పులు, మసాలాలు, నెయ్యి చేరగా హలీము అయినది. రంజాను మాసమున నగరమంతట దీనిని వండుదురు. 2010లో హైదరాబాదు హలీమునకు భౌగోళిక గుర్తింపు లభించినది. బేగంబజారులో మార్వాడీల కచోరీలు, జిలేబీలు కలవు. దేశవిభజన తరువాత సింధు నుండి వచ్చిన ఒక కుటుంబము 1953లో మొజంజాహీ మార్కెటు వద్ద కరాచీ బేకరీని స్థాపించెను. దాని పండ్ల బిస్కత్తులు ఊరిలో ఎదురుచూచు పిల్లలకు తీసికొనిపోదగినవి.

మహాత్మాగాంధీ బస్సు స్టేషను మూసీనది నడుమనే యున్నది. నయాపూలు దాటి, మదీనా కూడలి మీదుగా నడచినచో కొంతసేపటికి చార్మినారు చేరవచ్చును. ప్రాతఃకాలమున ఆ ప్రాంతపు హోటళ్లలో నహారీ, పాయా రొట్టెలతో వడ్డింతురు. మాంసము తిననివారికి ఇడ్లీ, దోసె బండ్లు ఎచటనైనను కలవు. బండి వద్ద రద్దీ ఉన్నచో చట్నీ తాజాగా నుండునని మా అనుభవము.

ఇరానీ టీ సంగతి కొంత వివరింపవలసియున్నది. బొంబాయి మీదుగా వచ్చిన ఇరాను దేశస్థులు ఈ హోటళ్లను నెలకొల్పిరి. మన ఇండ్లలో వలె పాలు, నీరు, ఆకు కలిపి కాచరు. ఆకును మూత బిగించిన పాత్రలో సన్నని సెగపై మరగింతురు. పాలను వేరుగా చిక్కబడు వరకు కాతురు. కప్పులోనే రెండును కలుపుదురు. తోడుగా తీపి, ఉప్పు కలసిన ఉస్మానియా బిస్కత్తును తీసికొందురు. చార్మినారు ప్రక్కనున్న నిమ్రా కేఫులో ఉదయము జనులు నిలువబడియే త్రాగుచుందురు. ఇట్టి హోటళ్లు ఇటీవల పెక్కు మూతపడినవి. మిగిలినవానిలో కొన్నిటిలో కుటుంబములకు ప్రత్యేకపు గది యుండును గనుక మహిళా సభ్యులు ప్రవేశించుటకు సంకోచింప నక్కరలేదు.

ఈ హోటళ్లలో రిక్షా తొక్కువాడును, వకీలును ఒకే బల్ల వద్ద కూర్చుండుట మామూలు. ముందు త్రాగినవాడెవడని ఎవరును అడుగరు. కడిగిన కప్పు అందరిదియును. ప్రజలందరు వచ్చు హోటళ్లలోనికి ఎవరినైనను కులమును బట్టి రానీయకుండుట తగదని రాజ్యాంగము 15వ అధికరణమున చెప్పియున్నది; 1955 నాటి చట్టము దానిని శిక్షార్హమైన నేరముగా చేసినది. అయినను గ్రామములలోని కొన్ని టీ దుకాణములలో రెండు వరుసల గ్లాసులు నేటికిని కనబడుచున్నవి. ఆ దుకాణము మన పంచాయతీ పరిధిలోనిదే గదా!

మధ్యాహ్న భోజనమునకు అత్యల్ప వ్యయమైనది ఐదు రూపాయల క్యాంటీను. నగరపాలక సంస్థ 2014లో దీనిని అన్నపూర్ణ పేర ప్రారంభించెను. 2025లో పేరు ఇందిరమ్మ క్యాంటీనుగా మారినది, ఉదయపు ఉపాహారమును చేర్చిరి. పెద్దాసుపత్రుల చెంత ఇవి యుండుట రోగిని తీసికొని వచ్చినవారికి మేలు. అన్నము అయిపోయిన పిమ్మట దొరకదు; ఆలస్యము చేయరాదు. కడుపునిండ ముద్దపప్పు, పచ్చడి కావలెనన్నచో మెస్సులకు పోవలెను. అమీర్‌పేటలోని మెస్సులు మన గ్రామముల నుండి చదువులకు వచ్చిన పిల్లల మీదనే నడచుచున్నవి. సాయంకాలము వీధుల ప్రక్కన స్త్రీలు కాల్చి ఇచ్చు జొన్నరొట్టె మన ఇంటిదానికి తీసిపోదు.

బిర్యానీ తినక తిరిగి వచ్చినచో ఇంటివారు ఊరుకొనరు. మసాలా పట్టించిన పచ్చిమాంసముపై సగము ఉడికిన బియ్యమును పరచి, మూత అంచులకు పిండి మెత్తి, ఆవిరిపై వండుట ఇచటి పద్ధతి. ఒక ప్లేటు సాధారణముగా ఇద్దరికి సరిపోవును. ముందు ఒకటియే తెప్పించుట మంచిది.

త్రాగునీటి విషయమున వడ్డించువాడు మొదట సీసా కావలెనా అని అడుగును. మామూలు నీరు చాలునని చెప్పవచ్చును. ఆ నీరు శుభ్రముగా తోచనిచో సీసా కొనుటయే మేలు. కృష్ణా నీరు 2004 నుండియు, గోదావరి నీరు 2015 నుండియు నగరమునకు వచ్చుచున్నది. కావున మనవారు త్రాగునది కొంతవరకు మన జిల్లాల నీరే. రోడ్డు ప్రక్క చెరకు రసములోని మంచుగడ్డ ఏ నీటితో చేసినదో ఎవరును చెప్పలేరు. అది లేకుండ ఇమ్మనవలెను.

కల్లు విషయమున మాత్రము ఖండితముగా చెప్పవలసియున్నది. ఊరిలో చెట్టెవరిదో, గీసినవాడెవడో మనకు తెలియును. నగరపు దుకాణమునకు చెట్టు లేదు. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతమున కల్తీ కల్లు త్రాగి పలువురు మరణించిరి. అలవాటున్నవారు సైతము ఇచట దాని జోలికి పోరాదు.

హోటలు గోడపై పదునాలుగు అంకెల ఆహారభద్రతా లైసెన్సు సంఖ్య కనబడవలెను. బిల్లును చదివి చెల్లించవలెను. సామాన్యపు హోటలులో జి.ఎస్.టి. నూటికి ఐదు రూపాయలు. సేవారుసుము వేసినచో అది మన ఇష్టము మీద ఆధారపడినది, బలవంతము చేయరాదు. 2022లో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ ఈ మేరకు మార్గదర్శకములు జారీచేసెను. వివాదము వచ్చినచో 1915 నంబరునకు ఫోను చేయవచ్చును. బిల్లును పారవేయక జేబులో ఉంచుకొనుడు. ఊరు చేరిన పిదప లెక్క అడుగువారికి చూపుటకును అదియే పనికి వచ్చును.