ఇంటి గ్రుడ్డుతో మంచి ఆమ్లెట్టు

పల్నాటి సీమలో కోడి అనగానే అందరికీ పందెపు పుంజే జ్ఞాపకమునకు వచ్చును. 12వ శతాబ్దిలో నాయకురాలు నాగమ్మకును, బ్రహ్మనాయునికిని నడుమ జరిగిన కోడిపందెమును గురించి మాచర్లలో చిన్నపిల్లవానిని అడిగినను చెప్పగలడు. పుంజుకు దక్కిన ఆ కీర్తిలో వెయ్యవ వంతైనను పెట్టకు దక్కలేదు. ఈ వ్యాసము పెట్ట పెట్టిన గ్రుడ్డును గురించి, దానిని ఇంటిలో మంచి ఆమ్లెట్టుగా వేసుకొను పద్ధతిని గురించి.

వంట సంగతి వ్యవసాయ శాఖవారికేల అని కొందరు సోదరీమణులు నవ్వవచ్చును. గత వేసవిలో మిరప కల్లములు చూచుటకు మాచర్లకు సమీపమున ఒక పల్లెకు పోయి, మధ్యాహ్నము ఒక రైతు ఇంట ఆగితిని. హాస్టలునుండి కుమారుడు వచ్చినాడని ఆ ఇల్లాలు వారము దినములుగా ఉట్టిలో దాచిన ఆరు నాటుకోడి గ్రుడ్లను బయటికి తీసినది. ఐదింటిని గిన్నెలో కొట్టినది. ఆరవది కొట్టగానే కంపు, దానితోపాటు నెత్తుటి చారలు! గిన్నెలోనిది యావత్తు దిబ్బపాలయినది. “నిన్న కొట్టిన గుడ్డు బాగానే ఉండె గదా సారూ” అని ఆమె చిన్నబోయినది. పిల్లవాడు ఆ పూట పచ్చడి మెతుకులు తిని లేచినాడు. ఏడాదికి 60, 70 గ్రుడ్లు మాత్రమే పెట్టు నాటుపెట్ట ఉన్న ఇంటిలో ఆరు గ్రుడ్లనగా ఏడాది ఫలసాయములో ఇంచుమించు పదియవ వంతు. అందుచేత ఆమ్లెట్టు మంచిచెడ్డలు సగము పొయ్యి ముట్టించకముందే తేలిపోవునని చెప్పక తప్పదు.

ఆ గ్రుడ్డు ఎందుకు చెడెను? పుంజుతో కలిసి తిరుగు పెట్ట పెట్టిన గ్రుడ్డులో జీవము ఉండును. పిల్లలను లేపు యంత్రములో గ్రుడ్లకు ఇచ్చు వేడి సుమారు 37.5 డిగ్రీల సెంటిగ్రేడు. రాష్ట్రమున మిక్కిలి ఎండ కాయు చోట్లలో ఒకటని పేరుపడిన రెంటచింతల మనకు ఎంత దూరము? వేసవి మధ్యాహ్నము మన ఇండ్లలోని వేడి ఆ యంత్రపు వేడిని దాటిపోవును. పొదుగు కోడి లేకున్నను గ్రుడ్డులో పిండము కదలును. రెండు మూడు దినములలో నెత్తుటి నరములు కనిపించును. రాత్రి కొంత చల్లబడగానే ఆ పిండము చచ్చి, లోపల క్రుళ్ళుట మొదలగును.

కనుక తినుటకు గ్రుడ్లు కావలసినవారు పెట్టలను పుంజునుండి వేరుచేయవలెను. పుంజు లేనిదే పెట్ట గ్రుడ్డు పెట్టదనుట వట్టి భ్రమ. వేరుచేసిన పిమ్మట కూడ రెండు మూడు వారములవరకు జీవమున్న గ్రుడ్లు వచ్చుచుండును, తొందరపడి లాభములేదు. వేరుచేయుటకు చోటు లేనివారు వేసవిలో గ్రుడ్లను పూటపూటకు ఏరి, రెండవ దినము దాటకుండ వాడుకొనుట మేలు.

ఫ్రిజ్ ఉన్నచో అందులో పెట్టవలెను. లేనివారు ఒక కొత్త కుండను తడి ఇసుకలో సగమువరకు పూడ్చి, లోపల గడ్డి పరచి, గ్రుడ్లను వెడల్పు కొన పైకి వచ్చునట్లు పేర్చి, మూతిపై తడిగుడ్డ కప్పవలెను. మన పొడి ఎండకు తడి త్వరగా ఆరుచు కుండను చల్లబరచును. ఇసుకకు ఉదయ సాయంత్రములు నీరు చల్లుట మరువరాదు. గ్రుడ్లను కడిగి దాచరాదు. పెంకుపై ఉండు సన్నని పొర పోయి, సూక్ష్మజీవులు లోపలికి దిగును. మురికి ఉన్నచో పొడిగుడ్డతో తుడిచిన చాలును.

నీటిలో వేసినప్పుడు తాజా గ్రుడ్డు అడుగున అడ్డముగా పడుకొనును. పాతబడిన కొలది లోని గాలి తిత్తి పెరిగి నిలువుగా లేచును. తేలిన దానిని పారవేయవలెను. అయితే ఈ పరీక్ష వయస్సునే చెప్పును, పిండము సంగతి చెప్పదు. అందుకు చీకటి గదిలో సెల్‌ఫోను దీపమునకు అడ్డముగా పట్టి చూడవలెను. ఎర్రని సాలెగూడువంటిది కనిపించిన గ్రుడ్డు వంటకు పనికిరాదు. ఎన్ని పరీక్షలు చేసినను, ప్రతి గ్రుడ్డును ముందు చిన్న కప్పులో విడిగా కొట్టి, చూచి, ఆపైననే గిన్నెలో పోయవలెను. ఆ ఇల్లాలు ఇది ఒక్కటి చేసియున్నను ఐదు గ్రుడ్లు దక్కియుండెడివి.

ఇక పొయ్యి దగ్గరకు వచ్చెదము. ఒకరికి ఫారం గ్రుడ్లయినచో రెండు, చిన్నవగు నాటు గ్రుడ్లయినచో మూడు తీసుకొనవలెను. ఒక చిన్న ఉల్లిపాయను, ఒక పచ్చిమిరపకాయను మిక్కిలి సన్నగా తరుగవలెను. ముక్కలు పెద్దవైనచో త్రిప్పునప్పుడు అట్టు చిరుగును. చిటికెడు పసుపు, తగినంత ఉప్పు, కొంచెము కొత్తిమీర వేసి, తెల్లసొన తీగలు తెగి అంతయు ఒకే రంగు వచ్చువరకు గిలకొట్టవలెను. ఉల్లిపాయకు ఉప్పు తగిలినచో నీరూరును, కాబట్టి కలిపి నిలువ ఉంచక వెంటనే పెనముపై పోయవలెను. కారము వేయువారు గ్రుడ్డులోనే కలుపవలెను. మన మిరపపొడి కాలిన పెనముపై పడినచో ఇంటివారేగాక ఇరుగుపొరుగు కూడ దగ్గుదురు!

పెనము పొగలు క్రక్కువరకు కాల్చుట మనవారు చేయు పెద్ద పొరపాటు. తెల్లసొన 62 డిగ్రీల దగ్గర గట్టిపడ మొదలిడును. గిలకొట్టిన గ్రుడ్డు సుమారు 73 డిగ్రీలకు పేరుకొనును. పొగలు వచ్చు పెనపు వేడి 200 డిగ్రీలు దాటును. అంత వేడికి గ్రుడ్డులోని మాంసకృత్తులు బిగుసుకొని తమలోని నీటిని పిండివేయును. అడుగు మాడును, నడుమ పచ్చిగా ఉండును, నమిలిన తోలువలె సాగును. పెనముపై నీటి చుక్క చిలకరించి చూడవలెను. చుక్క పూసవలె దొరలి పరుగెత్తినచో వేడి హెచ్చు. మంట తగ్గించి కొంతసేపు ఆగవలెను. ఉన్నచోటనే సుయ్‌మని ఆరినచో సరియైన వేడి.

అప్పుడు చెంచాడు వేరుసెనగ నూనె రాచి, గ్రుడ్డు పోసి, పెనము నలుదిక్కుల వంచవలెను. అంచు తెల్లబడగానే అట్లకాడతో లోనికి కొంచెము త్రోసి, పైని పచ్చి రసమును ఖాళీలోనికి జారనిచ్చిన అట్టు మెత్తగా వచ్చును. సన్నమంటపై ఒక నిమిషము మూత పెట్టి, పైభాగము ఆరిన పిదప త్రిప్పి, అర నిమిషములో దింపవలెను. కట్టెల పొయ్యి అయినచో నిప్పులపై వేయుట మేలు, మంటపై కాదు. పాలు పోసిన ఆమ్లెట్టు పొంగునని కొందరందురు. ఒక చెంచా పోసిన మెత్తదనము వచ్చును. మించినచో అట్టు కట్టదు. నా మట్టుకు నాకు పాలు అనవసరము.

ఫ్రెంచివారు నడుమ జారుగా ఉంచి మడచుదురు. ఆ రుచిని నేను కాదనను. కాని పచ్చి గ్రుడ్డులో సాల్మొనెల్లా అను సూక్ష్మజీవి ఉండవచ్చును. అది వాంతులు, విరేచనములు కలిగించును. పసిపిల్లలకు, గర్భిణులకు, వృద్ధులకు లోపలికంటా ఉడికినదే పెట్టవలెను. గ్రుడ్డు కొట్టిన చేతులను, కప్పును సబ్బుతో కడుగవలెను.

50 గ్రాముల గ్రుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు ఉండును. సి విటమిను మాత్రము లేదు, కాబట్టి తినునప్పుడు నిమ్మరసము పిండుకొనుట మంచిది. నాటు గ్రుడ్డు సొన ఎరుపును చూచి బలము హెచ్చని ఎక్కువ ధరకు కొనువారు కలరు. ఆ రంగు ఆకుకూర, మొక్కజొన్నవంటి మేతవలన వచ్చినది, మాంసకృత్తులలో చెప్పదగిన భేదము లేదు. గ్రుడ్లు హెచ్చుగా కావలసినవారు హైదరాబాదు రాజేంద్రనగరులోని కోళ్ళ పరిశోధనా సంస్థవారు రూపొందించిన గ్రామప్రియ జాతిని పెరటిలో పెంచవచ్చును. ఇది ఏడాదికి సుమారు 200 గ్రుడ్లు పెట్టును.

ఆమ్లెట్టును జొన్నరొట్టెతో వేడిగా తినవలెను. బడికి పోవు పిల్లలకు డబ్బాలో కట్టువారు ఆవిరి పోయిన తరువాతనే మూత పెట్టవలెను. వేసవిలో మాత్రము దానిని ఒక గంటకు మించి నిలువ ఉంచరాదు; మధ్యాహ్న భోజనపు గంటవరకు ఉంచవలసి వచ్చినచో ఆ దినమునకు వేరొకటి కట్టుట మేలు.