పంపినవాడే వెంట వెళ్లాడు

ఇతరులకు చెప్పడం తేలిక, చెప్పిన దారిలో నడవడం కష్టం. ప్రసంగ వేదికెక్కే మాలాంటి సంఘ కాపరులకు ఈ సంగతి బాగా తెలుసు. అందుకే రెవరెండ్ రూపర్ట్ ఇంగ్లిస్ జీవితం మమ్మల్ని నిలదీస్తుంది.

1857లో మన లక్నో ముట్టడిలో బ్రిటిష్ దళాలను నడిపిన సర్ జాన్ ఇంగ్లిస్ ఆయన తండ్రి. తండ్రి 1862లో కన్నుమూయగా 1863లో రూపర్ట్ పుట్టాడు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, 1886లో ఇంగ్లండ్ రగ్బీ జట్టు తరఫున వేల్స్, ఐర్లండ్, స్కాట్లండ్‌లపై 3 మ్యాచ్‌లు ఆడాడు. ఆ ఆటగాడే తర్వాత దైవసేవకుడై, 1900లో కెంట్ ప్రాంతంలోని ఫ్రిటెండెన్ అనే పల్లెకు కాపరిగా వచ్చాడు.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. కష్టకాలంలో దేశానికి చేయగలిగింది చేయడం అందరి బాధ్యతని ఆయన సంఘానికి బోధించాడు. అప్పటికి ఆయనకు 51 ఏళ్లు, భార్యాపిల్లలున్నారు. ఇంటిపట్టున ఉండిపోతే తప్పుపట్టేవారెవరు? అయినా 1915లో సైనికులకు పరిచర్య చేసే చాప్లెయిన్‌గా ఫ్రాన్స్ వెళ్లాడు. ఇల్లు విడిచి ప్రాణాపాయానికి ఎదురెళ్లమని ఇతరులకు చెప్పి, తాను మాత్రం సుఖంగా ఇంట్లో ఉండటం కష్టమైందని సంఘానికి ఉత్తరం రాశాడు.

1916 సెప్టెంబర్ 18న సోమ్ రణరంగంలో, గించీ గ్రామం దగ్గర, గాయపడినవారిని తెచ్చేందుకు స్ట్రెచర్లు మోసేవారితో కలిసి వెళ్లాడు. ఫిరంగి గుండు ముక్క తగిలింది. కట్టు కడుతుండగానే మరో గుండు పడి ప్రాణం పోయింది. ఆయనకు 53 ఏళ్లు. సమాధి ఎక్కడో తెలియదు. థియెప్‌వాల్ స్మారకంపై 72 వేలకు పైగా పేర్ల మధ్య ఆయన పేరూ ఉంది.

యుద్ధాన్ని మనం పొగడటం లేదు. యౌవనులను యుద్ధానికి పంపడం కాపరి పనేనా అని అడిగేవారికి సమాధానం చెప్పడమూ సులువు కాదు. కానీ ఇంగ్లిస్ చివరి పని చంపడం కాదు, బతికించడం. జీతగాడు తోడేలును చూసి పారిపోతాడని, మంచి కాపరి గొర్రెల కోసం ప్రాణం పెడతాడని ప్రభువు చెప్పాడు (యోహాను 10). ఇతరుల భుజాలపై మోయలేని బరువులు మోపి, తాము వేలితోనైనా ముట్టనివారిని ఆయనే గద్దించాడు (మత్తయి 23).

క్షమించమని, కానుక ఇవ్వమని, ప్రార్థనలో మెలకువగా ఉండమని మనం ఎందరికో చెబుతాం. ఆ మాటల్లో ఒక్కదాని వెంటైనా ఈ వారం మనమే ముందుగా నడుద్దామా?