మట్టిదారికి ఫ్యామిలీ కారు: ముందు బరువు లెక్క

ఫ్యామిలీ కారును మట్టిదారులకు సిద్ధం చేద్దామనుకునేవాళ్ల చూపు ముందుగా పడేది కారు పైకప్పు మీద. అక్కడో ర్యాక్, దాని మీద మడత టెంటు, ముందువైపు లైట్ల వరస, కింద రెండంగుళాల లిఫ్టు. ప్రకటనల్లో కనిపించే బొమ్మ అలాగే ఉంటుంది మరి. మన ఇళ్ల ముందు నిలిచి ఉండే సుబారు ఔట్‌బ్యాక్, ఫారెస్టర్, టొయోటా రావ్‌4, హోండా సీఆర్‌వీ లాంటి ఆల్ వీల్ డ్రైవ్ కార్లు యూటా, నెవాడా, కొలరాడో రాష్ట్రాల మట్టిదారుల్లో చాలా దూరం పోగలవు. దారిలోనే బస చేస్తూ రోజుల తరబడి సాగే ఇలాంటి ప్రయాణాన్ని ఓవర్‌ల్యాండింగ్ అంటున్నారు. దానికోసం కారును మార్చుకోవడంలో తప్పేమీ లేదు. అయితే ఏ మార్పు వల్ల ఎంత లాభం, ఎంత నష్టం అని లెక్క వేస్తే ఒక సంగతి తేలుతుంది. ఈ తరగతి కార్లకు అడ్డం పడేది గ్రౌండ్ క్లియరెన్స్ ఒక్కటే కాదు; అంతకుముందే బరువు, వేడి, గేర్లు అడ్డం పడతాయి. ఆ పరిమితులకు లోబడి చేసిన మార్పులు డబ్బుకు తగిన ఫలితమిస్తాయి. వాటిని పట్టించుకోకుండా చేసినవి, చూడ్డానికి ఎంత బాగున్నా, కారుకు ఉన్న సత్తాను తగ్గిస్తాయి.

బరువుతో మొదలుపెడదాం. డ్రైవర్ తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద ఒక స్టిక్కర్ ఉంటుంది. మనుషులు, సామాన్లు కలిపి ఎన్ని పౌన్లు మించకూడదో అందులో రాసి ఉంటుంది. అది 900 పౌన్లు అనుకుందాం. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు కలిసి 480 పౌన్లు ఉంటే మిగిలేది 420. పైకప్పు టెంటు 130, దాన్ని మోసే ర్యాక్ 40 పోగా 250. కారు అడుగున అల్యూమినియం పలకలకు 60, చిన్న ఫ్రిజ్‌కూ దాని బ్యాటరీకీ 75 తీసేస్తే 115. ఎడారిలోకి నీళ్లు లేకుండా వెళ్లలేం. గ్యాలన్ నీళ్లు ఎనిమిది పౌన్లకు పైనే తూగుతాయి కాబట్టి పది గ్యాలన్లకు 83. చివరికి మిగిలేవి 32 పౌన్లు. బట్టలు, బియ్యం, స్టవ్వు, పనిముట్లు, రెండో స్టెప్నీ అన్నీ అందులోనే సర్దుకోవాలి. పిండి కొద్దీ రొట్టె అన్న మాట ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. ఈ హద్దు దాటిన కారులో స్ప్రింగులు అణిగిపోతాయి, బ్రేకులు త్వరగా వేడెక్కుతాయి, గతుకులో పడ్డప్పుడు టైరు పక్కగోడ మీద దెబ్బ గట్టిగా తగులుతుంది. వెనక భాగం కుంగినకొద్దీ నేలకూ కారుకూ మధ్య ఎడం తగ్గిపోతుంది. అంటే డబ్బు పెట్టి పెంచుకున్న ఎత్తును సామాను తిరిగి లాగేసుకుంటుంది.

పైకప్పు సంగతి ఇంకా సున్నితం. 2022 మోడల్‌గా వచ్చిన ఔట్‌బ్యాక్ వైల్డర్‌నెస్‌ను ఇలాంటి ప్రయాణాల కోసమే తయారుచేశారు. దాని పైకప్పు పట్టాలు కారు ఆగి ఉన్నప్పుడు 700 పౌన్లు మోస్తాయి. కారు కదులుతున్నప్పుడు మాత్రం 220 పౌన్లే. టెంటులో నలుగురు పడుకోవడానికి మొదటి అంకె సరిపోతుంది. ప్రయాణానికి వర్తించేది రెండోది. పైగా బరువు ఎంత పైన ఉంటే, పక్కకు వాలిన దారిలో కారు అంతగా ఒరుగుతుంది; హైవే మీద ఎదురుగాలికి పెట్రోలూ ఎక్కువ తాగుతుంది. పిల్లలతో వెళ్లేవాళ్లకు పైకప్పు టెంటే క్షేమం కదా, పాములూ తేళ్లూ దరిచేరవు కదా అని అడగవచ్చు. జిప్పు సరిగా మూసిన నేల టెంటులోకి కూడా అవి రావు. రాత్రివేళ నిద్రకళ్లతో నిచ్చెన దిగే పిల్లవాడికి ఉన్న ప్రమాదం అంతకన్నా ఎక్కువే. నేల టెంటు పదిహేను పౌన్లలో వస్తుంది, డిక్కీలో అడుగున పడి ఉంటుంది. దాన్ని వేసి ఉంచి, కారులో పక్క ఊరికి వెళ్లి రావచ్చు కూడా.

ఇక డబ్బు ముందుగా పెట్టాల్సింది టైర్ల మీద. డెత్ వ్యాలీలో రేస్‌ట్రాక్ ప్లాయాకు వెళ్లే దారి యూబెహీబీ క్రేటర్ దగ్గర నుంచి సుమారు 27 మైళ్లు. దారిపొడవునా పదునైన రాళ్లు. ఫోను సిగ్నల్ ఉండదు. అక్కడ పంక్చర్లు మామూలేనని, గట్టి టైర్లూ పూర్తి సైజు స్టెప్నీ ఉండాలని నేషనల్ పార్క్ సర్వీస్ హెచ్చరిస్తుంది. ఆ దారిలో కార్లను ఆపేది టైరు చీలిక. షోరూంలో కారుతోపాటు వచ్చే టైర్లు హైవే మీద చప్పుడు తగ్గడానికీ, మైలేజి పెరగడానికీ చేసినవి. వాటి పక్కగోడలు పలచన. ఆల్ టెర్రెయిన్ రకంలో పక్కగోడ మందంగానూ, నేలను పట్టే గళ్లు లోతుగానూ ఉంటాయి. వీలైతే చక్రం సైజు కూడా తగ్గించుకోవచ్చు. చాలా ఔట్‌బ్యాక్‌లకు వచ్చే 225/60ఆర్‌18 టైరు పక్కగోడ ఎత్తు 135 మిల్లీమీటర్లు. వైల్డర్‌నెస్‌కు ఇచ్చే 225/65ఆర్‌17లో అది 146. రెండింటి మొత్తం వ్యాసం దాదాపు ఒకటే కాబట్టి స్పీడోమీటర్‌కూ గేర్లకూ ఇబ్బంది లేదు. రాయికీ రిమ్ముకూ మధ్య 11 మిల్లీమీటర్ల గాలి అదనంగా దొరుకుతుంది. అలాగని పికప్ ట్రక్కులకు చేసిన పది ప్లై టైర్లకు పోకూడదు. అవి బరువెక్కువ, ఈ కార్లకు మరీ బిగుసు. తేలికపాటి కారు కింద అవి వంగవు. వంగని టైరు రాతిని పట్టుకోదు.

టైరును వంచడంలోనే సగం నేర్పు ఉంది. హైవే మీద 35 పీఎస్‌ఐ ఉన్న గాలిని ఇసుకలోనూ గతుకుల కంకరదారిలోనూ 20, 22కి దించితే టైరు నేల మీద పొడవుగా పరుచుకుంటుంది. పట్టు పెరుగుతుంది, కుదుపు తగ్గుతుంది, రాళ్లకు చిరిగే అవకాశం కూడా తగ్గుతుంది. ఖర్చు లేని మార్పు ఇది. షరతులు రెండే: అప్పుడు నెమ్మదిగా నడపాలి, తారురోడ్డు ఎక్కే ముందు మళ్లీ గాలి నింపాలి. నింపడానికి నేరుగా బ్యాటరీకి తగిలించే చిన్న కంప్రెసర్, పంక్చర్ వేసుకునే ప్లగ్ కిట్టు కావాలి. స్టెప్నీ విషయంలో ఆల్ వీల్ డ్రైవ్ కారుకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. నాలుగు చక్రాల చుట్టుకొలతల మధ్య తేడా పావు అంగుళం మించకూడదని సుబారు చెబుతుంది. తేడా ఎక్కువైతే ముందు వెనక ఇరుసుల మధ్య ఉండే క్లచ్ ఎడతెగకుండా జారుతూ అరిగిపోతుంది. డిక్కీలో ఉండే సన్నటి తాత్కాలిక స్టెప్నీ గంటకు 50 మైళ్లు మించకుండా దగ్గరి షాపు చేరడానికే పనికొస్తుంది. ఎడారిలో ఆ షాపు వంద మైళ్ల దూరంలో ఉండవచ్చు. అందుకే అయిదు ఒకే రకం టైర్లు కొని, అయిదింటినీ వంతులవారీగా తిప్పుతూ వాడటం మేలు. అదనంగా ఒక టైరు ఖరీదు పడుతుంది, కొంత బరువూ పెరుగుతుంది. బరువు లెక్కలో ముందుగా చోటివ్వాల్సిన సామాను ఇదే.

ఎత్తు పెంచకుండా రాళ్లు దాటేదెలా అన్న ప్రశ్న న్యాయమైనదే. మామూలు ఔట్‌బ్యాక్ గ్రౌండ్ క్లియరెన్స్ 8.7 అంగుళాలు, వైల్డర్‌నెస్‌ది 9.5. ముందు బంపరు తగలకుండా ఎక్కగలిగే కోణం 18.6 డిగ్రీల నుంచి 20కి పెరిగింది. ఈ తేడా నిజమైనదే, ఉపయోగపడేదే. అయితే కంపెనీ ఆ ఎత్తును స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు, బంపర్లు అన్నీ కలిపి మార్చి సాధించింది. బయట దొరికే చవక లిఫ్టు స్ట్రట్ పైన పెట్టే ఒక దిమ్మ మాత్రమే. అది కారును లేపుతుంది గానీ, చక్రం కిందికి దిగగలిగే దూరంలో కొంత ముందే వాడేసుకుంటుంది. అప్పుడు గుంత రాగానే చక్రం త్వరగా గాల్లోకి లేస్తుంది. గాల్లో ఉన్న చక్రం ఊరికే తిరుగుతుంది. కంప్యూటరు దానికి బ్రేకు వేసి శక్తిని అవతలి చక్రానికి మళ్లించాలి. ఇది పదే పదే జరిగితే బ్రేకులు కాగిపోతాయి. ఎత్తు పెరిగేకొద్దీ చక్రాలకు శక్తినందించే యాక్సిళ్ల కోణం పెరిగి వాటి కీళ్లు త్వరగా అరుగుతాయి. అలైన్‌మెంట్ మళ్లీ చేయించాలి. అద్దం వెనక ఉండి రోడ్డును చూసే కెమెరాల లెక్క కూడా తప్పవచ్చు. కాబట్టి ముందు చేయాల్సింది ఉన్న ఎత్తును నిలుపుకోవడం. బరువు తగ్గించి, అవసరమైతే వెనక కాస్త గట్టి స్ప్రింగులు వేయించి, నిండుగా సర్దిన కారు కూడా ఖాళీ కారంత ఎత్తులో నిలిచేలా చూసుకోవాలి. అంతకుమించి కావాలంటే ఒక అంగుళం చుట్టుపక్కల ఆగడం క్షేమం.

ఏ లిఫ్టూ, ఏ టైరూ తీర్చలేనిది గేర్ల లోటు. అసలు సిసలు ఫోర్ వీల్ డ్రైవ్ బండిలో లో రేంజ్ అనే అదనపు గేరు ఉంటుంది. జీప్ ర్యాంగ్లర్ రూబికాన్‌లో అది చక్రాలకు చేరే బలాన్ని నాలుగు రెట్లు చేస్తుంది. వైల్డర్‌నెస్‌లో సుబారు చేసిన మార్పు చివరి గేరు నిష్పత్తిని 4.11 నుంచి 4.44కి పెంచడం, అంటే ఎనిమిది శాతం. ఆ ఎనిమిదికీ నాలుగు రెట్లకూ మధ్య ఉన్న తేడాయే ఈ కార్ల అసలు హద్దు. నిటారు రాతిమెట్ల మీదా, లోతైన ఇసుకలోనూ నెమ్మదిగా ఎక్కువ బలం అడిగితే సీవీటీ గేర్‌బాక్స్‌లోని నూనె వేడెక్కుతుంది. ఏటీ ఆయిల్ టెంప్ దీపం వెలిగితే క్షేమమైన చోట ఆపి, ఇంజను నడుస్తుండగానే చల్లబడనివ్వాలి. చట్టం కూడా ఈ తేడాను గుర్తిస్తుంది. కాన్యన్‌ల్యాండ్స్ నేషనల్ పార్కులోని వంద మైళ్ల వైట్ రిమ్ రోడ్డుకు పర్మిట్ కావడమే కాదు, ఎత్తైన లో రేంజ్ ఫోర్ వీల్ డ్రైవ్ బండి కూడా ఉండాలి. ఎన్ని మార్పులు చేయించినా లో రేంజ్ లేని ఆల్ వీల్ డ్రైవ్ కారుకు అక్కడ ప్రవేశం లేదు. కాదని వెళ్లి చిక్కుకుంటే బయటికి లాగించుకునే ఖర్చు వెయ్యి డాలర్లు దాటుతుంది.

అలాంటప్పుడు జీపో, టొయోటా ఫోర్ రన్నరో కొనుక్కుంటే పోలేదా అనేవాళ్లుంటారు. ప్రతి నెలా అలాంటి దారులకే వెళ్లేవాళ్లయితే కొనుక్కోవలసిందే. ఏడాదిలో ఎక్కువ రోజులు ఆఫీసుకూ, పిల్లల బడికీ, కాస్కోకూ తిరిగి, ఒకటి రెండు సెలవుల్లో మాత్రం మట్టిదారి పట్టే కుటుంబానికి ఆ బండ్ల మైలేజీ, కుదుపూ ఏడాదంతా కట్టే జరిమానా అవుతాయి. కాన్యన్‌ల్యాండ్స్ దగ్గరున్న మోఅబ్ ఊళ్లో సిద్ధంగా తయారుచేసిన జీపులు రోజువారీ అద్దెకు దొరుకుతాయి. లిఫ్టుకూ, పెద్ద బంపర్లకూ పెట్టే వేల డాలర్లతో అవసరమైన రెండు రోజులకు జీపు అద్దెకు తీసుకుని, మిగిలిన ప్రయాణమంతా సొంత కారులో చేయవచ్చు. ఎదురుగా ఇంకో వాదన కూడా ఉంది: మట్టిదారుల్లో అధికభాగం కంకర రోడ్లే, కారును ఉన్నదున్నట్టు తీసుకెళితే చాలదా అని. కంకర రోడ్డు వరకూ అది నిజమే. కానీ అదే రోడ్డులో ఇరవయ్యో మైలు దగ్గర వాన పడి బురదైతేనో, టైరు చీలితేనో కారు సత్తా కన్నా మన సన్నాహమే పనికొస్తుంది.

ఆ సన్నాహంలో పెద్ద ఖర్చు లేదు. ఇంజను, గేర్‌బాక్స్ కింద ప్లాస్టిక్ మూత బదులు అల్యూమినియం పలక బిగిస్తే ఒక్క రాయి నూనె తొట్టిని పగలగొట్టే ప్రమాదం పోతుంది. చక్రం కింద పెట్టే ఒక జత పట్టుపలకలు, ఒక పార ఉంటే ఇసుకలోంచి పరాయి సాయం లేకుండా బయటపడవచ్చు. తాడుతో లాగించుకోవాల్సి వస్తే ట్రెయిలర్ గుండుకు ఎప్పుడూ కట్టకూడదు. అది విరిగి అద్దం చీల్చుకుని వచ్చి ప్రాణాలు తీసిన సంఘటనలున్నాయి. రేటింగ్ ఉన్న హిచ్ రిసీవర్, దానికి సరిపడే షాకిల్ వాడాలి. సిగ్నల్ లేనిచోట సాయం పిలవడానికి శాటిలైట్ మెసెంజర్ గానీ, 2022 నుంచి ఐఫోన్లలో వచ్చిన శాటిలైట్ ఎస్‌ఓఎస్ సదుపాయం గానీ ఉండాలి. ఏ దారిలో ఏ కాలంలో బండ్లకు అనుమతి ఉందో చెప్పే మ్యాపులను ఫారెస్ట్ సర్వీస్ ఉచితంగా ఇస్తుంది. వాటిని ముందే ఫోనులోకి దించుకోవాలి. గుర్తించిన దారి దిగి పచ్చిక మీదికో, ఎండిన చెరువు మీదికో కారు తోలితే ఆ గాడులు ఏళ్ల తరబడి మాసిపోవు.

మార్పులు చేస్తే వారంటీ పోతుందన్న భయం చాలామందికి ఉంది. 1975 నాటి మాగ్నసన్ మాస్ చట్టం ప్రకారం బయటి భాగం బిగించారన్న ఒక్క కారణంతో కంపెనీ వారంటీ నిరాకరించడానికి లేదు. ఆ భాగం వల్లే చెడిపోయిందని చూపించాలి. టైర్ల వల్ల రేడియో చెడిందని ఎవరూ అనలేరు. లిఫ్టు వేయించాక యాక్సిల్ కీలు పోతే మాత్రం కంపెనీ మాటకు బలం ఉంటుంది. మార్పును బట్టి వారంటీ చిక్కు కూడా మారుతుందన్నమాట. ఇండియాలోని బంధువులకు ఇవే సలహాలు పంపే ముందు మాత్రం ఆగాలి. అక్కడి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ కంపెనీ నిర్దేశించిన స్వరూపాన్ని మార్చనివ్వదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే ఖాయం చేసింది.

ఇంత లెక్క చూస్తే కారును ముస్తాబు చేసుకునే సరదా ఏమవుతుందని అనిపించవచ్చు. ఆ సరదా కాదనలేనిది, ఖర్చు కూడా ఎవరి ఇష్టం వారిది. కోరేది వరస ఒక్కటే. ముందు అయిదు టైర్లు, కంప్రెసర్, పంక్చర్ కిట్టు. తరవాత శాటిలైట్ పరికరం, పార, పట్టుపలకలు. ఆ తరవాత అడుగు పలక. బరువును బట్టి వెనక స్ప్రింగులు. ఇక్కడికి వచ్చాక కుటుంబంతో, నీళ్లతో, సామానుతో నిండుగా సర్దిన కారును హైవే పక్క ట్రక్ స్టాపులోని కాటా మీద తూయించండి. కొద్ది డాలర్లతో పోయే పని. ఆ తూకంలోంచి ఖాళీ కారు బరువు తీసేశాక స్టిక్కర్ మీద ఉన్న హద్దుకు ఇంకా ఎడం మిగిలితే మరో వస్తువు కొనవచ్చు. మిగలకపోతే తరవాతి పని డిక్కీలోంచి ఏదో ఒకటి తీసేయడం.