ప్రకటనల వ్యయము లేక కొనువారికి మన సరకు కనబడు విధము

గత కందుల కోత ముగిసిన పిదప మార్కాపురము, గిద్దలూరు ప్రాంతపు సంఘములలో మేము తిరుగుచుండగా సభ్యులు మమ్మడిగిన ప్రశ్న ఒక్కటే. “కందులు మర ఆడించితిమి. పప్పును సంచులలో నింపి సంఘము పేరు వేసితిమి. సెల్‌ఫోనులో ప్రకటన ఇచ్చినచో పట్టణములవారు నేరుగా మనవద్దనే కొందురని చెప్పుచున్నారు. ఈయవచ్చునా?”

ఒక సంఘమువారు అప్పటికే ఇచ్చియుండిరి. సొమ్ము కట్టినన్నాళ్లు వారి ఫోను మ్రోగెను. కట్టుట మానిన మరునాటినుండి మ్రోగుట మానెను. మిగిలిన పప్పును తుదకు వర్తకుడు చెప్పిన ధరకే ఇచ్చివేసిరి. ప్రకటనల ఖర్చు మాత్రము సంఘపు లెక్కపుస్తకమున నిలిచిపోయెను. ఆ సొమ్ము వానకై మొగము వాచి పండించుకొను రైతులు కట్టిన వాటాధనము. కావున ఈ నెల ఎరువులను, పురుగులను ప్రక్కనుంచి, ఈ సంగతినే మాకు చేతనైనంత తేటగా వ్రాయుచున్నాము.

గరాటు లెక్క

అమ్మకపు దారిని వర్తకులు ‘సేల్స్ ఫన్నెల్’ అందురు. ఫన్నెల్ అనగా మనము సీసాలో నూనె పోయు గరాటే. పైన వెడల్పు, క్రింద సన్నము. సరకు పేరు చూచువారు వేలమంది, చూచి లోపలికి వచ్చి చదువువారు వందలమంది, ధర అడుగువారు పదులమంది, కొనువారు కొద్దిమంది, మరల కొనువారు వారిలోను కొందరే. నూనె గరాటులో పోసినదంతయు సీసాలోనికి దిగును. ఈ గరాటులో మాత్రము మెట్టుమెట్టునను కొందరు ప్రక్కకు జారిపోవుదురు. ప్రకటనదారుడు సొమ్ము కట్టునది పైభాగమునకు; సొమ్ము వచ్చునది క్రిందిభాగమున.

ఒక ఉదాహరణమును వేసి చూతము. ప్రకటనపై ఎవరైన వ్రేలు నొక్కిన ప్రతిసారి మనకు 5 రూపాయలు ఖర్చగుననుకొందము. 400 మంది నొక్కిరి. 2,000 రూపాయలు పోయెను. వారిలో 20 మంది ధర అడిగిరి. 4 గురు కొనిరి. ఒక్కొక్కరు 5 కిలోల పప్పు కొనగా, అన్ని ఖర్చులు పోను కిలోకు 30 రూపాయల చొప్పున ఒక్కొక్కరివలన 150 రూపాయలు మిగిలెను. మొత్తము మిగులు 600. ప్రకటనకు పోయినది 2,000. నష్టము 1,400 రూపాయలు. ఆ నలుగురే ఏడాదిలో నాలుగేసిసార్లు కొనినచో మిగులు 2,400 అగును. అప్పుడు 400 రూపాయలు లాభము. ఇవి మేము లెక్కకై వేసిన అంకెలు. ప్రతి సంఘమును తన అంకెలతో ఈ లెక్కనే వేసికొనిన తరువాతనే ప్రకటన మాట తలపెట్టవలెను.

పైగా ఆ 5 రూపాయలు నిలుకడయైన ధర కాదు. అది వేలము. మనము కోరిన మాటకే ఒక పెద్ద కంపెనీ ఎక్కువ పాడినచో మన ఖర్చు పెరుగును, లేదా మన ప్రకటన క్రిందికి పోవును.

వెదకువారికి సమాధానమెట్లు దొరకును?

ఇప్పుడు రెండవ మార్గమును చూతము. పట్టణపు గృహిణి ఫోనులో గూగుల్ తెరచి “పాలిష్ పట్టని కందిపప్పు” అని వెదకినదనుకొనుడు. ఆమెకు రెండు విధములైన ఫలితములు కనబడును. ‘స్పాన్సర్డ్’ అను గుర్తు గలవి సొమ్ము కట్టి వేయించినవి. ఆ గుర్తు లేనివి సొమ్ముతో నిమిత్తము లేక వచ్చినవి. ఈ రెండవ వరుసలోని స్థానమును సొమ్ముకు అమ్మమని గూగుల్ సంస్థ బహిరంగముగా చెప్పుచున్నది. సంస్థ పుట్టినది 1998లో. మాటలను వేలము వేయు ప్రకటనల పద్ధతికి మొదలు 2002.

గుర్తు లేని వరుస ఎట్లు తయారగునో రైతులకు అడంగలు పోలికతో చెప్పవచ్చును. గ్రామోద్యోగి పొలము పొలము తిరిగి, ఏ సర్వే నంబరులో ఏ పైరు కలదో అడంగలులో ఎక్కించును. అట్లే గూగుల్ యంత్రము లోకములోని వెబ్‌సైటుల పుటలను తిరిగి చదివి, ఏ పుటలో ఏ విషయము కలదో పట్టీ వ్రాసికొనును. ఎవరైన వెదకినప్పుడు ఆ పట్టీలోనుండి తగిన పుటలను తీసి వరుసలో నుంచును. పైరు చేనిలో నిలిచియున్నను అడంగలులో ఎక్కనిచో బాంకిలో మాట చెల్లదు. అట్లే పప్పు గిడ్డంగిలో నున్నను ఆ పట్టీలోనికి ఎక్కనిచో వెదకువారికి కనబడదు.

వరుసను నిర్ణయించునవి పెక్కు. అడిగిన ప్రశ్నకు పుటలో సరియైన సమాధానము ఉండవలెను. పుట ఫోనులో వేగముగా తెరచుకొనవలెను. వెదకువానికి మనమెంత దగ్గర యను సంగతియు కొన్ని ప్రశ్నలకు ముఖ్యము. ఇతరులు తమ పుటలనుండి మన పుటకు దారి చూపుటయు గొప్ప బలము. పదిమంది వ్రేలు చూపిన పుటకు విలువ ఎక్కువ యను సూత్రముపైననే లారీ పేజ్, సెర్గీ బ్రిన్ అను ఇద్దరు విద్యార్థులు స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయములో గూగుల్‌ను కట్టిరి.

ఇది మన ప్రాంతమునకు క్రొత్త విద్య కాదు. మార్కాపురపు పలక దేశమున పలుచోట్ల బడిపిల్లల చేతికెక్కినది ఇట్లే కదా! ఒక పంతులు మరియొక పంతులుకు చెప్పెను. ఒక అంగడివాడు మరియొకనికి చెప్పెను. కొనువాడే సరకును పేరు పెట్టి అడిగెను.

ట్యాంకరును, చెరువును

ప్రకటన ట్యాంకరు నీరువంటిది. సొమ్మిచ్చిన పూటనే వచ్చును. తెల్లవారి మరల కొనవలెను. వెదకువారికి కనబడు పుట చెరువువంటిది. కట్ట వేయుటకు శ్రమ కావలెను, నిండుటకు వానలు కావలెను, నిండిన పిదప పెక్కేండ్లు పారును. కంభము చెరువును చూడుడు. విజయనగర రాజుల కాలమున గుండ్లకమ్మకు అడ్డముగా కొండల నడుమ కట్టిన ఆ చెరువును, 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘము ప్రపంచ వారసత్వ కట్టడముగా గుర్తించెను. అయినను వాగులు పూడినచో ఎంత గొప్ప చెరువైనను నిండదు. పుటయు అంతే, వ్రాసి విడిచిపెట్టినచో పూడిపోవును.

చెరువు నిండుటకు పట్టు కాలమును ముందే తెలిసికొనవలెను. ఇట్టి పని ఫలించుటకు సాధారణముగా నాలుగు నెలలు మొదలు ఒక ఏడాది పట్టునని గూగుల్ వారే చెప్పిరి. కావున కోత అయిన పిదప పుట వ్రాయుట, పైరు ఎండిన పిదప బావి త్రవ్వుటవంటిది. తొలకరికి కంది విత్తిన వారముననే పుటయు వ్రాయవలెను. కాయ కోతకు వచ్చునాటికి పుటయు పక్వమునకు వచ్చును.

సంఘములు చేయవలసిన పనులు

1. కొనువారి మాటలను పోగుచేయవలెను. ఫోను చేసినవారు ఏమేమి అడిగిరో ఒక నోటుపుస్తకమున వారి మాటలలోనే వ్రాసికొనవలెను. “పప్పు త్వరగా ఉడుకునా?”, “కొర్రలు ఎంతసేపు నానవలెను?”, “ఎండుమిర్చి పది కిలోలైన పంపుదురా?” అనునవే రేపు మరియొకరు వెదకు మాటలు. గూగుల్‌లో ఒక మాట మొదలుపెట్టగానే క్రింద మరికొన్ని మాటలు తామే వచ్చును. అవి ఇతరులు వెదకుచున్న తీరును తెలుపును. దీనికి ఖర్చు లేదు.

2. సరకునకొక పుట చొప్పున వ్రాయవలెను. కందిపప్పు, శనగలు, మిర్చి, కొర్రలు అన్నియు ఒక్క పుటలో కుక్కరాదు. ప్రతి పుటలోను ఏ నేలలో పండినది, ఎప్పుడు కోసినది, ఎట్లు ఆడించినది, కిలో ధర ఎంత, తక్కువలో తక్కువ ఎంత పంపుదురు, రవాణా ఎవరిది, ఎట్లు నిలువచేయవలెను అను సంగతులను వ్రాసి, మన కళ్లమున తీసిన ఫోటోలనే ఉంచవలెను. తెలుగునను ఇంగ్లీషునను వ్రాసినచో హైదరాబాదువారికిని బెంగళూరువారికిని అందును.

3. ఊరి పేరును తికమక లేకుండ వ్రాయవలెను. మన ఊరిని కొందరు మార్కాపురమని, కొందరు మార్కాపూరని వెదకుదురు. రెండును పుటలో సహజముగా రావలెను. కంభమువారు మరింత జాగ్రత్తపడవలెను. తమిళనాడులోని తేని జిల్లాలో ద్రాక్షతోటలకు పేరుపడిన కంబం ఊరు కలదు; ఇంగ్లీషులో రెండు పేర్లను ఒకే తీరున వ్రాయుదురు. ‘ఆంధ్రప్రదేశ్, గిద్దలూరు దగ్గరి కంభము’ అని పిన్‌కోడుతో సహా వ్రాయనిచో మన గిరాకీ అక్కడికి పోవును.

4. గూగుల్ మ్యాపులో సంఘమును నమోదు చేయవలెను. ఇది ఉచితము. పేరు, చిరునామా, ఫోను సంఖ్య, పనివేళలు, ఫోటోలు ఉంచవలెను. కొనినవారిని వారికి తోచిన అభిప్రాయము వ్రాయుమని అడుగవచ్చును. సొమ్మిచ్చి అబద్ధపు మెప్పులు వ్రాయించుట నియమవిరుద్ధము, మన వ్రతమునకును విరుద్ధము.

5. ఇతరులచేత దారి చూపింపవలెను. వంటలగూర్చి వ్రాయువారికి, పత్రికలవారికి, మన పప్పు వాడు హోటళ్లవారికి సరకు చూపి, నచ్చినచో తమ పుటలలో మన పుటను పేర్కొనుడని కోరవలెను.

6. నెలకొకసారి లెక్క చూడవలెను. ‘సెర్చ్ కన్సోల్’ అను ఉచిత సాధనములో ఏ మాటలకు మన పుట కనబడెనో, ఎందరు లోపలికి వచ్చిరో తెలియును. జనులు అడుగు మాటలు మారుచుండును. నోటుపుస్తకములు వచ్చిన పిదప వ్రాత పలక గిరాకీ తగ్గెను. ఆ రాయే నేలకును గోడలకును పరచు బండగా క్రొత్త కొనుగోలుదారులను వెదకికొనెను. మారిన మాటను ముందుగా వినినవాడు నిలుచును.

గరాటు అడుగును మరువరాదు. ఫోను ఎత్తువాడు లేకున్నను, సంచిలో రాళ్లున్నను, తూకము తగ్గినను పైన ఎందరు వచ్చియు ప్రయోజనము లేదు. సంచిపై ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. నమోదు సంఖ్యను ముద్రింపవలెను. ఒకసారి కొనినవారి పేర్లు వ్రాసియుంచుకొని, క్రొత్త పప్పు వచ్చినప్పుడు వారికి తెలుపుడని అనుమతి ఇచ్చినవారికి కబురు పంపవలెను. మరల కొనువాడే మన నిజమైన లాభము.

జాగ్రత్తలు

“నెలలో మొదటి స్థానము ఖాయము” అని చెప్పువారిని నమ్మరాదు. అట్టి హామీ ఎవ్వరును ఈయలేరని గూగుల్ వారే హెచ్చరించుచున్నారు. ఒకే మాటను పుటనిండ ముప్పదిసార్లు వ్రాయుట వంటి గారడీలు పుటను క్రిందికి త్రోయును. వెబ్‌సైటు పేరును ఏజెంటు పేరున గాక సంఘము పేరుననే నమోదు చేయించి, ఏటేట దాని రుసుమును మరువక చెల్లింపవలెను. పరుల పేరున నున్న వెబ్‌సైటు ఇసుకపై కట్టిన ఇల్లు. ఏజెంటుతో మాట తేడా వచ్చిననాడు అది మనది కాకుండ పోవును.

ఈ మార్గమునకు కష్టములు లేవని మేము చెప్పుట లేదు. 2024 ఆగస్టునుండి మన దేశములోను కొన్ని ప్రశ్నలకు గూగుల్ యంత్రమే సమాధానమును కూర్చి పైన చూపుచున్నది. అది చదివి తృప్తిపడి లోపలికి రానివారును ఉందురు. కాని పప్పు వండు విధమును యంత్రము చెప్పగలదు గాని పప్పును పంపజాలదు. కావున ధర, నిలువ, చిరునామా గల పుటకు పని యుండనే యుండును.

ప్రకటనలు ఎప్పుడును కూడవని కూడ మా మాట కాదు. గింజ పాలుపోసుకొను వేళ ఒక తడికై ట్యాంకరు తెచ్చిన రైతును ఎవరు తప్పుపట్టుదురు? వారములో అమ్ముడుపోవలసిన బత్తాయికి, టమాటాకు చెరువు నిండువరకు ఆగుట సాధ్యము కాదు. అప్పుడు ఖర్చుకు ముందే హద్దు నిర్ణయించి, తీర్మానము వ్రాసి, కొద్దిదినములు ప్రకటన వేయవచ్చును. నిలువ యుండు కందికి, శనగకు, కొర్రకు మాత్రము చెరువే దారి.

సోదర రైతులారా! ప్రతి సంఘములోను చదువుకొనిన కుమారుడో కుమార్తెయో ఒకరుందురు. వారికి ఈ పనిని అప్పగించి, వారమునకు రెండు గంటలు కూర్చుండుటకు చోటు చూపుడు. వారి శ్రమకు తగిన ప్రతిఫలమును తీర్మానింపుడు. మొదట ఒక్క సరకునకు ఒక్క పుట చాలును. వచ్చు సర్వసభ్య సమావేశమునకు నోటుపుస్తకమును, నెలవారీ లెక్కను తీసికొని రండు. గరాటులో ఏ మెట్టున మనవారు జారుచున్నారో కలిసి చూతము.