108కి ఎప్పుడు ఫోన్ చేయాలి? ఎప్పుడు చేయకూడదు?

అర్ధరాత్రి ఇంట్లో పెద్దాయనకు ఛాతీ నొప్పి, ఒళ్ళంతా చెమటలు. గ్యాసేమోనని ఒకరు సోడా ఇస్తారు. మరొకరు దుబాయ్‌లో ఉన్న పెద్దకొడుక్కి ఫోన్ చేస్తారు. మగవాళ్ళు ఇంట్లో లేకపోతే వాళ్ళు వచ్చేదాకా ఆగుతారు. ఇలా విలువైన సమయం పోతుంది. మొదటి ఫోన్ 108కే చేయాలి, బంధువులకు తర్వాత చెప్పుకోవచ్చు. ఆడవాళ్ళయినా, పిల్లలయినా ఎవరి అనుమతి కోసమూ ఆగక్కర్లేదు.

2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన ఈ సేవ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 24 గంటలూ ఉచితం. పోలీసు, ఫైర్, అంబులెన్స్‌లలో ఏది కావాలన్నా 112కి కూడా చేయవచ్చు.

వెంటనే చేయాల్సినవి:

- ఛాతీలో నొప్పి, ఊపిరి ఆడకపోవడం, స్పృహ తప్పడం.
- మూతి వంకర పోవడం, ఒక చెయ్యి లేవకపోవడం, మాట తడబడటం. ఇవి పక్షవాతం గుర్తులు. రక్తం గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. అందుకే 'పొద్దున చూద్దాం' అనకూడదు.
- అయిదు నిమిషాలు దాటినా ఆగని ఫిట్స్.
- పాము కాటు, విషం తాగడం, కాలిన గాయాలు, ఆగని రక్తస్రావం.
- పురిటి నొప్పులు.
- రోడ్డు ప్రమాదం. గాయపడినవారికి సాయం చేసినవాళ్ళను సాక్ష్యం చెప్పమని పోలీసులు బలవంతం చేయకూడదని చట్టం చెబుతోంది. భయపడాల్సిన పని లేదు.

చేయకూడనివి:

మామూలు జలుబు, రక్త పరీక్షలు, డిశ్చార్జ్ అయ్యాక ఇంటికి రావడం, వీటికి 108 కాదు. సరదాకి చేసే ఒక్క ఫోన్ వల్ల ఇంకో ఇంట్లో ప్రాణం మీదికి రావచ్చు. చిన్నపిల్లలు పొరపాటున నొక్కితే ఫోన్ కట్ చేయకుండా 'పొరపాటున వచ్చింది' అని చెప్పాలి.

ఏం చెప్పాలి?

ముందు చిరునామా చెప్పాలి: ఊరు, బస్తీ, దగ్గర్లోని మసీదో, బడో, చౌరస్తానో. తర్వాత ఏం జరిగింది, ఎంతమందికి, మనిషి మెలకువగా ఉన్నారా, ఊపిరి తీసుకుంటున్నారా అన్నది. వాళ్ళు పెట్టేయమనేదాకా ఫోన్ పెట్టేయకూడదు. ఒకరు గల్లీ మొదట్లో నిలబడి బండికి దారి చూపాలి. స్పృహ లేనివారి నోట్లో నీళ్ళు పోయకూడదు. వాడుతున్న మందుల చీటీలు వెంట తీసుకెళ్ళాలి.

ఇది అత్యవసరమో కాదో తేల్చుకోలేకపోతే ఫోన్ చేయడమే మంచిది. విషయం విని ఏం చేయాలో వాళ్ళే చెబుతారు.