నట్టింట్లో ఆన్‌లైన్ బాలబడి

మూడేళ్లు నిండి ఆరేళ్లు రాని పిల్లలకు ఇంటి దగ్గరే, ఫోనులోనో ట్యాబులోనో ఆటపాటలు, కథలు, మాటలు, అంకెలు నేర్పే పద్ధతిని ఆన్‌లైన్ ప్రీస్కూల్ అంటున్నారు. ఇందులో మూడు రకాలున్నాయి. టీచరు ఎదురుగా కనిపిస్తూ, పిల్లల్ని పేరు పెట్టి పిలుస్తూ నడిపే ప్రత్యక్ష తరగతి ఒకటి. ముందే తీసిపెట్టిన వీడియోలు, ఆటలతో నిండిన యాప్ రెండోది. రోజుకో చిన్న పని చెప్పి, దాన్ని ఇంట్లో చేయించమని తల్లిదండ్రులకు వాట్సాప్‌లో పంపేది మూడోది. పైకి మూడూ ఒకేలా కనిపించినా, పిల్లలకు ఒంటబట్టే చదువు విషయంలో వీటి మధ్య తేడా చాలా ఉంది.

తెలుగు ఇళ్లలోకి ఈ పద్ధతి గట్టిగా వచ్చింది కరోనాతోనే. 2020 మార్చిలో బడులతోపాటు అంగన్‌వాడీలూ మూతబడ్డాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఇవి దాదాపు 55,600 ఉన్నాయి. గుడ్లు, పాలు, సరుకులు ఇళ్లకు చేర్చారు కానీ పిల్లల ఆటపాటల చదువు ఆగిపోయింది. పెద్ద పిల్లల కోసం దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వచ్చాయి. తెలంగాణలో 2020 సెప్టెంబరు 1న మొదలైన టీవీ, ఆన్‌లైన్ పాఠాలు మూడో తరగతి నుంచి పైవాళ్లకే. అంతకన్నా చిన్నవాళ్లను తెర ముందు ఎలా కూర్చోబెట్టాలో తేలని ఆ రోజుల్లో ప్రైవేటు ప్లేస్కూళ్లు, యాప్‌లు ముందుకొచ్చాయి. బడులు తెరిచాక కూడా ఆ అలవాటు పూర్తిగా పోలేదు.

గూడూరు లాంటి ఊళ్లో అది మిగిలిపోవడానికి కారణాలు తేలిగ్గానే అర్థమవుతాయి. విజయవాడ–చెన్నై లైను మీద, రేణిగుంట లైను చీలే చోట ఉన్న జంక్షన్ ఇది. పొద్దున్నే నెల్లూరు, సూళ్లూరుపేట, తిరుపతి వైపు ఉద్యోగాలకు పోయేవాళ్లు, నిమ్మకాయల మార్కెట్టు చుట్టూ బతుకుతెరువు ఉన్నవాళ్లు ఇక్కడ ఎక్కువ. అమ్మానాన్నలు పనికి పోతే పిల్లలు అవ్వాతాతల దగ్గర ఉంటారు. వేసవిలో పది గంటలు దాటితే పసిపిల్లల్ని బయటికి పంపే వీలుండదు. అలాంటప్పుడు ఫోనులో వచ్చే బడి చేతికందిన సాయంగా కనిపిస్తుంది. సాయమే, కాకపోతే దాన్ని నడిపే తీరు తెలియాలి.

కేంద్ర విద్యాశాఖ 2020 జులైలో ‘ప్రజ్ఞత’ పేరుతో ఆన్‌లైన్ చదువుకు మార్గదర్శకాలు ఇచ్చింది. ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు రోజుకు 30 నుంచి 45 నిమిషాల తరగతులు రెండుకు మించకూడదంది. పూర్వ ప్రాథమిక పిల్లల విషయంలో చెప్పింది వేరు: రోజుకు 30 నిమిషాలు మించకుండా తల్లిదండ్రులతో మాట్లాడాలి, వాళ్లకు దారి చూపాలి. ఈ వయసు బడిలో టీచరు ముందుగా నేర్పాల్సింది ఇంట్లోని పెద్దవాళ్లకు. ఆన్‌లైన్ ప్రీస్కూల్ గురించి ఇంతకన్నా పనికొచ్చే మాట మరొకటి లేదు. ఫీజు కట్టి ఫోను చేతికిచ్చి పక్క గదిలోకి పోయే ఇంట్లో ఎంత మంచి యాప్ అయినా ఫలితం ఇవ్వదు.

దీని వెనక పరిశోధన ఉంది. అమెరికాలో పట్రీషియా కూల్ బృందం 2003లో తొమ్మిది నెలల పసిపిల్లలకు చైనీస్ భాష వినిపించింది. కొందరితో మనిషి ఎదురుగా కూర్చుని ఆడిస్తూ మాట్లాడాడు. కొందరికి అవే మాటలు వీడియోలో చూపించారు. మనిషితో గడిపిన పిల్లలు ఆ భాష ధ్వనుల్లో తేడాలు పసిగట్టారు. వీడియో చూసినవాళ్లకు ఏమీ పట్టుబడలేదు. 2014లో మరో బృందం రెండేళ్లు దాటిన పిల్లలకు కొత్త క్రియాపదాలు నేర్పి చూసింది. ఎదురుగా ఉన్న మనిషి దగ్గర, అటునుంచి బదులు పలికే వీడియో కాల్‌లో పిల్లలు నేర్చుకున్నారు. వేరే పిల్లవాడితో మాట్లాడుతుండగా తీసిన రికార్డింగు చూసినప్పుడు మాత్రం నేర్చుకోలేదు. తెర ఒకటే, మాట్లాడే మనిషీ ఒకరే. తన చూపుకు, తన మాటకు అటువైపు నుంచి జవాబు వచ్చిందా లేదా అన్న దగ్గరే తేడా వచ్చింది.

గూడూరులో ఉన్న అవ్వ డల్లాస్‌లో ఉన్న మనవరాలితో వీడియో కాల్‌లో మాట్లాడేటప్పుడు జరిగేది కూడా ఇదే. ‘నీ చేతిలో ఉండేదేంది నాన్నా?’ అని అవ్వ అడుగుతుంది, పిల్ల చూపిస్తుంది, అవ్వ దాని పేరు చెబుతుంది, పిల్ల తిరిగి అంటుంది. పరాయి దేశంలో పుట్టిన ఎందరో పిల్లల నాలుక మీద తెలుగు నిలబడింది ఇలాంటి పలకరింపుల వల్లే. అమెరికాలో 2007లో మొదలైన సిలికానాంధ్ర మనబడి కరోనా కాలంలో తన తెలుగు తరగతులను ఆన్‌లైన్‌లోకి మార్చింది. అక్కడ కూడా తరగతిలో విన్న మాట ఇంట్లో మళ్లీ పలికే మనిషి ఉంటేనే పిల్లలకు నిలుస్తుంది.

ఆన్‌లైన్ ప్రీస్కూల్‌ను పెద్ద ఎత్తున నడిపిన చోటు అమెరికాలోని యూటా రాష్ట్రం. నాలుగేళ్ల పిల్లల కోసం అక్కడ 2009లో వాటర్‌ఫర్డ్ సంస్థ ‘అప్‌స్టార్ట్’ పేరుతో ఇంటి చదువు మొదలుపెట్టింది. పిల్లలు తెర ముందు గడిపేది రోజుకు పదిహేను నిమిషాలు, వారానికి అయిదు రోజులు. కుటుంబంతో మాట్లాడుతూ దారి చూపే మనిషి వేరే ఉంటారు. ఇక్కడి కొన్ని యాప్‌లు అమ్మే గంటల తరబడి ప్యాకేజీలతో ఆ పదిహేను నిమిషాలను పోల్చి చూసుకోవాలి.

ఎంతసేపు అన్నదానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే లెక్క చెప్పింది. రెండేళ్ల లోపు పిల్లలకు తెర వద్దు. రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లు కూర్చుని తెర చూసే సమయం రోజంతా కలిపి గంట దాటకూడదు, ఎంత తగ్గితే అంత మంచిది. మూడు నాలుగేళ్ల వాళ్లు రోజుకు కనీసం మూడు గంటలు ఒళ్లు కదిలేలా ఆడాలి, పది నుంచి పదమూడు గంటలు నిద్రపోవాలి. భారత పిల్లల వైద్యుల సంఘం కూడా రెండేళ్ల లోపు పిల్లలకు తెర వద్దని, అయిదేళ్ల వరకు పెద్దల పక్కన గంట చాలని చెబుతోంది. అన్నం తినిపించడానికి పెట్టే వీడియో కూడా ఈ గంటలో భాగమే. ఈ సంగతి చాలా ఇళ్లలో లెక్కకు రాదు. ముద్ద ముద్దకూ ఫోను చూసే పిల్లకు అక్కడే గంట ఖర్చయిపోతుంది, బడికి మిగిలేదేమీ ఉండదు.

మంచి తరగతి ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చాలు. టీచరు ‘ఇంట్లో గుండ్రంగా ఉండేవి రెండు తీసుకురండి’ అంటుంది. నాలుగేళ్ల పాప లేచి వంటింట్లోకి పరుగెడుతుంది, ఒక నిమ్మకాయ, అమ్మ గాజు తెస్తుంది. రెండూ తెరకు చూపిస్తుంది. టీచరు పాప పేరు పిలిచి ‘ఏది దొర్లుతుందో చూద్దామా?’ అంటుంది. గాజు నిలబడి నాలుగడుగులు పోయి పడిపోతుంది. నిమ్మకాయ దొర్లుతుంది కానీ కొన దగ్గర మొన ఉండడం వల్ల నేరుగా పోక వంకర తిరిగి మంచం కిందికి పోతుంది. ‘అది ఎందుకట్ట పోయింది?’ అని పక్కన కూర్చున్న అవ్వ అడుగుతుంది. పాప మళ్లీ దొర్లిస్తుంది. అక్కడితో తరగతి అయిపోయినా చదువు అయిపోదు. మధ్యాహ్నం తట్టలో ఉన్న కాయల్లో పచ్చివి ఒకవైపు, పండినవి ఒకవైపు, పెద్దవి, చిన్నవి వేరు చేయిస్తే వర్గీకరణ వస్తుంది. పది కాయలు ఒక్కొక్కటిగా బుట్టలో వేస్తూ లెక్కపెడితే అంకె అంటే ఏమిటో చేతికి తెలుస్తుంది. తెర మీద ఎగిరే పది బెలూన్లు ఈ పని చేయలేవు.

ఈ తరగతిలో పాప తెరను చూసింది నాలుగైదు నిమిషాలకు మించదు. మిగతా సమయమంతా లేచింది, వెతికింది, తెచ్చింది, మాట్లాడింది. అందుకే ఫోనును చేతికివ్వకుండా కంటి ఎత్తున, గోడకు ఆనించి పెట్టాలి. పిల్లలు లేచి తిరిగితే గదమాయించకూడదు. ఇరవై నిమిషాలు కదలకుండా కూర్చోవడం ఈ వయసులో సుగుణమేమీ కాదు. తరగతికి ముందే నోటిఫికేషన్లు ఆపి, టీవీ కట్టేసి, కావలసిన వస్తువులు ఒక పళ్లెంలో పెట్టుకుంటే పెద్దలకూ హైరానా ఉండదు.

భాష విషయంలో పొరపాటు ఎక్కువగా జరుగుతోంది. ఇంగ్లిషు రైమ్స్ గడగడా అప్పజెప్పే పిల్లను చూసి మురిసిపోతారు కానీ, దాహం వేసిందనో భయం వేసిందనో పూర్తి వాక్యంలో చెప్పలేకపోతే అది గమనించరు. 2020 జాతీయ విద్యా విధానమూ, 2022లో వచ్చిన పునాది దశ పాఠ్యప్రణాళికా ఈ వయసులో ఇంటి భాషకే పెద్దపీట వేశాయి. గంప, గంట, గడప అని ఒకే ధ్వనితో మొదలయ్యే మాటలు వెతికే ఆట, అక్షరాలు దిద్దించడానికి ముందు రావాలి. కథ చదివేటప్పుడు మధ్యలో ఆగి ‘ఇప్పుడేమవుతుంది?’ అని అడగడం, పిల్లలు చెప్పిన ముక్కకు ఇంకో ముక్క కలిపి చెప్పడం చాలా బలమైన పద్ధతి. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి. చదవడం రాని అవ్వ కూడా బొమ్మలు చూపిస్తూ తన కథ తాను చెప్పవచ్చు.

రాత గురించి తొందర అక్కర్లేదు. గాజు తెర మీద వేలు జార్చితే వేళ్లకు పట్టు రాదు. పిండి పిసకడం, బఠాణీలు వలవడం, చుక్కల ముగ్గు కలపడం, ఇసుకలో గీయడం వల్ల వస్తుంది. ఇసుకలో అక్షరాలు దిద్దించడం మన వీధిబడుల పాత పద్ధతి. 1789 నుంచి మద్రాసులో ఎగ్మూరు అనాథ బాలుర ఆశ్రమాన్ని నడిపిన ఆండ్రూ బెల్, దగ్గర్లోని ఒక బడిలో పిల్లలు ఇసుకలో రాయడం చూసి తన బడిలోనూ పెట్టాడు. 1797లో పుస్తకం రాసి ఇంగ్లండుకు పరిచయం చేశాడు. ఇప్పటికీ పళ్లెంలో బియ్యమో ఇసుకో పోసి వేలితో గీయిస్తే ఆన్‌లైన్ తరగతికి అంతకన్నా మంచి తోడు లేదు. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం పల్లె బడుల కోసం తయారుచేసిన ‘స్కూల్ ఇన్ ఎ బాక్స్’ కూడా చేత్తో పట్టుకునే కార్డుల మీదే నడుస్తుంది. అందులో ప్రతి పిల్లా తన వేగంతో మెట్టు మెట్టుగా ముందుకు పోతుంది.

తరగతిని ఎంచుకునేటప్పుడు ఒక రోజు పక్కన కూర్చుని చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. ఒక తెర మీద ముప్పై మంది పిల్లలుంటే టీచరు ఎవరినీ పలకరించలేదు. ఆరేడుగురుంటే ప్రతి ఒక్కరికీ రెండుసార్లు వంతు వస్తుంది. పేరు పెట్టి పిలుస్తున్నారా, జవాబు కోసం ఆగుతున్నారా, తరగతి తర్వాత ఇంట్లో ఏం చేయాలో చెబుతున్నారా అన్నవి గమనించాలి. మూడేళ్ల వాళ్లకు రాత హోంవర్కు ఇచ్చే చోటును వదిలేయడమే మేలు. యాప్ అయితే ప్రకటనలు, దానంతటదే కోసుకునే నెలవారీ చందా చూసుకోవాలి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం పిల్లల సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. పిల్లలను గురిపెట్టి ప్రకటనలు వేయకూడదు.

ఇంట్లో ఒకటే ఫోను ఉండి, దాన్ని నాన్న పనికి పట్టుకుపోతే ప్రత్యక్ష తరగతి కుదరదు. అలాంటి ఇళ్లకు వాట్సాప్ పద్ధతే అనువు. సాయంత్రం ఫోను రాగానే ఆ రోజు పని ఏమిటో విని, మర్నాడు తెర లేకుండానే చేయించవచ్చు. అందులో తక్కువేమీ లేదు, పసివాళ్లకు అదే మంచిదని కూడా అనవచ్చు.

మాట ఆలస్యమైన పిల్లల విషయంలో మాత్రం ఏ యాప్‌నూ నమ్ముకుని కూర్చోకూడదు. రెండేళ్లకు రెండు మాటలు కలిపి పలకకపోయినా, పేరు పిలిస్తే తిరిగి చూడకపోయినా వైద్యుడికి చూపించాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీ పిల్లలకు ఏడాదికి రెండుసార్లు పరీక్షలు జరగాలి. అవసరమైతే జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి పంపిస్తారు. ఇదంతా ఉచితం.

ఇంటి నుంచి ఎంత చేసినా ఆన్‌లైన్ బడి ఇవ్వలేనిది తోటిపిల్లల సావాసం. వంతు కోసం ఆగడం, బొమ్మ పంచుకోవడం, పోట్లాడి మళ్లీ కలవడం, దాగుడుమూతల్లో ఓడిపోవడం పదిమంది మధ్యే వస్తాయి. అందువల్ల వీధిలో అంగన్‌వాడీ ఉన్న ఇంట్లో ఆన్‌లైన్ తరగతి దానికి తోడుగా ఉండాలి తప్ప దాని చోట కాదు. ఏటా జూన్‌లో ఒకటో తరగతిలో చేరే పిల్లల కోసం జాతీయ విద్యా పరిశోధన మండలి 2021లో ‘విద్యాప్రవేశ్’ అనే మూడు నెలల ఆటల పాఠం తయారుచేసింది. అక్షరాలన్నీ వచ్చి ఉండాలని అది అడగదు. అయిదేళ్లు దాటిన పిల్ల విన్న కథను సొంత మాటల్లో చెప్పగలగడం, పది వస్తువులు తప్పు లేకుండా లెక్కపెట్టడం, తన పనులు తాను చేసుకోవడం, కొత్తవాళ్ల పక్కన కాసేపు కూర్చోగలగడం బడికి సిద్ధమైనట్టు చెప్పే గుర్తులు. ఇంట్లోనే ఉండి చదువుకున్న పిల్ల అయితే, బడి తెరవడానికి కొన్ని నెలల ముందే రోజూ కాసేపు అంగన్‌వాడీకో, నలుగురు పిల్లలు ఆడుకునే చోటుకో పంపడం మొదలుపెట్టాలి.